పద్నాలుగో వరుస

బస్సుల ఆఫీసులో దేన్నీ పారెయ్యరు. కాలు విరిగిన స్టూలు ఒకటుంటుంది, తిరగని ఫ్యాను ఒకటుంటుంది, ఎప్పుడో ఆపేసిన రూట్ల బోర్డులు మెట్ల కింద ఒకదాని మీద ఒకటి పడుంటాయి. ఎవరైనా అవి తీయించేద్దామంటే పెద్దసారు ఫైల్లోంచి తలెత్తకుండానే, "ఉండనీండి, ఎప్పుడు దేనితో పని పడుతుందో" అంటారు. ఆయన అలా అనడానికి కారణం ఉంది. ఆరేళ్ళ కిందట ఒక గుమాస్తా, ఆపేశారు కదా అని ఒక రూటు వివరాలన్నీ కంప్యూటర్లోంచి తుడిచేశాడు. పదిహేను రోజులు తిరక్కుండానే ఆ రూటు మళ్ళీ మొదలైంది. వేళలన్నీ కూర్చుని తిరిగి ఎక్కించేసరికి వారం పట్టింది. పైనుంచి విచారణకి వచ్చారు. పెద్దసారుకి నోటిదాకా వచ్చిన ప్రమోషన్ ఆ ఏడు జారిపోయింది. అప్పట్నుంచీ ఆఫీసులో ఒకటే పద్ధతి: తీసెయ్యొద్దు, కనపడకుండా చెయ్యి.

ఆ కనపడకుండా చేసే పని పేజీ అమ్మాయిది. ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. బస్సుల వేళలు చూపించే వెబ్ పేజీని చూసుకునేది ఆమె కాబట్టి అందరికీ పేజీ అమ్మాయి అయింది. పల్లెటూరి బడిలో చదువుకుని వచ్చింది. మాట తక్కువ. ఎవరైనా మాట్లాడుతుంటే పూర్తయ్యేదాకా వినే అలవాటు ఉంది కాబట్టి, ఎవరికి ఏం చెప్పుకోవాలన్నా ఆమె బల్ల దగ్గరికే వచ్చేవాళ్ళు. సాయంత్రానికి ఆమె పని అక్కడే ఉండేది, వాళ్ళ బరువు మాత్రం దిగేది.

పేజీ పని పైకి కనిపించినంత తేలిక కాదు. పెద్దసారుకి ఆకుపచ్చ బటన్ నచ్చదు, ఆయన పై సారుకి నీలం నచ్చదు. ఈ రెండు నెలల్లో అదే బటన్‌కి ఆమె నాలుగుసార్లు రంగు మార్చింది. అదృష్టం ఏమిటంటే అలాంటి పనులకి ఒక జావాస్క్రిప్ట్ లైబ్రరీ ఉంది. తెలిసినవాళ్ళు ముందే రాసిపెట్టిన చిన్న చిన్న పనుల మూట అది. డాలర్ గుర్తు పెట్టి, పక్కన బ్రాకెట్లో కావలసిన వాటి గుర్తు చెబితే చాలు, పేజీ అంతా వెతికి ఆ గుర్తున్న వాటన్నిటినీ పట్టుకొచ్చి ముందు నిలబెడుతుంది. ఆ తర్వాత ఒక చుక్క పెట్టి ఏం చెబితే అది చేస్తుంది. రంగు మార్చమంటే మారుస్తుంది, దాచమంటే దాస్తుంది, జరపమంటే జరుపుతుంది. ఎదురు చెప్పదు. ఆఫీసులో ఆమె మాట వినేది అదొక్కటే.

ఆపేసిన బస్సుల్ని మొదట్లో ఆమె దాచమనే చెప్పింది. అది చక్కగా దాచింది. వరుస మాయమై, కింది వరుసలు పైకి జరిగాయి. మర్నాడు పెద్దసారు కాగితం పట్టుకుని వచ్చారు. బస్టాండు గోడ మీది పట్టికలో ఎనిమిదో వరుసలో ఉన్న బస్సు, పేజీలో ఏడో వరుసలోకి వచ్చింది.

"రెండూ ఒకేలా ఉండాలమ్మా. ఫోన్లో అడిగినవాళ్ళకి మనం వరుస నంబరే చెబుతాం. గోడ మీద ఏం చేస్తున్నాం? తెల్లకాగితం ముక్క అంటిస్తున్నాం. వరుస అలాగే ఉంటుంది, బస్సు కనపడదు. నువ్వూ అలాగే చెయ్యి."

ఆమె అలాగే చేసింది. ఆపిన బస్సుల వరుసలకి ఒక గుర్తు పెట్టి, ఆ గుర్తున్న వాటిల్లో అక్షరాలన్నిటికీ తెల్లరంగు వెయ్యమని లైబ్రరీకి ఒక్క వాక్యం రాసింది. తెల్లటి పేజీ మీద తెల్లటి అక్షరాలు. వరుస నంబరొక్కటీ నల్లగా మిగిలి, పక్కనంతా ఖాళీ. పెద్దసారు గోడ మీది పట్టికనీ పేజీనీ పక్కపక్కన పెట్టి చూసుకుని, "ఇదీ పనంటే" అన్నారు. మూడేళ్ళలో ఆయన ఆమెని మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. ఆ మూడేళ్ళలో తెల్లబడిన వరుసలు ఇరవై మూడయ్యాయి.

ఆ సోమవారం మధ్యాహ్నం ఫోన్ అక్క భోజనానికి వెళ్ళింది. ఫోన్ అక్క అంటే విచారణల ఫోనెత్తే ఆవిడ. వెళ్తూ వెళ్తూ రిసీవర్ వైపు గడ్డం చూపించి, "పిల్లా, మోగితే ఎత్తు. మూడు నలభై గనక చేస్తే, లేదని చెప్పి పెట్టెయ్యి. మాటల్లోకి దిగావో, నా అన్నం అయిపోయినా నీ ఫోను అవదు" అంది.

మూడు నలభై ఒక పెద్దాయన. పేరు ఎవరికీ తెలియదు. రెండు మూడు నెలలుగా వారానికోసారి ఫోన్ చేసి, మీ పేజీలో ఉన్న మూడు నలభై బస్సు ఎందుకు రావడం లేదని అడుగుతుంటాడు. ఆ వేళకి బస్సే లేదు. ఫోన్ అక్క ప్రతిసారీ పేజీ తెరిచి చూసి, లేదనే చెప్పేది. ఆయన ఉందనే అనేవాడు. ఆఫీసులో ఎవరైనా లేనిదాన్ని ఉందని వాదిస్తే, "నువ్వేంటి మూడు నలభైలా తయారయ్యావ్" అనడం కూడా అలవాటైపోయింది.

ఫోన్ మోగింది.

"రోజూ ఎత్తే ఆవిడ కాదే" అన్నాడు అవతలి మనిషి. "ఆవిడైతే ముందు ఒక నిట్టూర్పు వినపడుతుంది."

"ఆవిడ భోజనానికి వెళ్ళారు. చెప్పండి తాతగారూ."

"తాతగారా? గొంతు అంత ముసలిదైపోయిందా తల్లీ?"

"బాబాయిగారూ" అని దిద్దుకుంది.

"అదీ. చూడమ్మా, నీకు పనుంటుంది, నాకూ ఉంది. నేను పోట్లాడటానికి చెయ్యలేదు. మీ పేజీలో పద్నాలుగో వరుసలో మూడు నలభై బస్సు ఉందా లేదా? ఒక్కసారి చూసి చెప్పు. లేదంటే ఇంక చెయ్యను. ఇదే ఆఖరు."

ఆమె పేజీ తెరిచింది. పద్నాలుగు అనే అంకె, పక్కన ఖాళీ. "లేదండీ. ఆ వరుస ఖాళీగా ఉంది."

"ఖాళీ" అన్నాడు ఆయన. కోపంగా కాదు, రోజంతా బరువు మోసినవాడు గుమ్మంలో దించినట్టు అన్నాడు. "ఒక పని చెయ్యి. నాకు కళ్ళు లేవు. పదహారో ఏట పోయాయి. నా కంప్యూటర్ పేజీలు చదివి వినిపిస్తుంది. మామూలుగా నేను చాలా జోరుగా పెట్టుకుని వింటా, మీకెవరికీ అర్థం కాదు. ఇప్పుడు నిదానం చేసి ఫోన్ దగ్గర పెడతా. విను."

ఏదో జరిపిన చప్పుడు. తర్వాత మనిషిది కాని గొంతొకటి, ఊపిరి తీసుకోకుండా, మొదలుపెట్టింది. వరుస పదమూడు. మూడు పది. పాత మార్కెట్ మీదుగా. చివరి స్టాపు రెండో వంతెన. వరుస పద్నాలుగు. మూడు నలభై. పాత మార్కెట్ మీదుగా. చివరి స్టాపు రెండో వంతెన. వరుస పదిహేను. నాలుగు ఐదు.

ఆమె చేతిలో మౌస్ ఉంది. అనుకుని చెయ్యలేదు గానీ, పద్నాలుగు అంకె దగ్గర నొక్కిపట్టి, ఖాళీ మీదుగా పక్కకి లాగింది. లాగినంత మేరా నీలం పరుచుకుంది. ఆ నీలంలో తెల్లటి అక్షరాలు ఒక్కొక్కటే పైకి తేలాయి. మూడు నలభై. పాత మార్కెట్ మీదుగా.

తెల్లరంగు కంటికి. చదివే గొంతుకి రంగు ఏం తెలుస్తుంది. అక్షరం అక్కడ ఉంది కాబట్టి అది చదివింది.

"విన్నావా?" అన్నాడు ఆయన.

"విన్నానండి."

"నీకూ వినపడిందా?"

ఆ అడగడంలో ఏదో ఉంది. "వినపడిందండి. పద్నాలుగో వరుస, మూడు నలభై. నాకూ వినపడింది."

అవతల ఆయన ముక్కు చీదుకున్న చప్పుడైంది.

విషయం ఆయనే చెప్పాడు, తడుముకోకుండా, ఎన్నోసార్లు లోపల చెప్పుకున్న మాటల్లా. పేము కుర్చీలు అల్లడం ఆయన పని. ముప్ఫై ఏళ్ళు పొద్దుటిపూట వెళ్ళేవాడు. మూడు నెలల కిందట వర్క్‌షాప్‌లో సాయంత్రం పూటకి మార్చారు. నాలుగుంబావుకి అక్కడుండాలి. పేజీ విని మూడు నలభైకి వెళ్ళి నిలబడేవాడు. స్టాపులో అడిగితే ఒకడు ఉందనేవాడు, ఒకడు తెలీదనేవాడు. చివరికి నాలుగు ఐదు బస్సు ఎక్కి ఆలస్యంగా చేరేవాడు. ఒకరోజు వానలో నిలబడి తడిసి ఇంటికొచ్చాడు. అప్పుడు కూతురు అడిగింది. బస్సు ఉందని పేజీలో విన్నానన్నాడు. కూతురు తన ఫోన్లో పేజీ తీసి చూసింది. లేదు.

"మీరొకసారి వినిపించలేదా ఆవిడకి?"

"వినిపించా. ఏదో పాత పేజీ చదువుతోంది నాన్నా అంది. డ్యూటీ నుంచి వచ్చి అలిసిపోయి ఉంది పాపం. తర్వాత నేనూ పట్టుబట్టలేదు. నాకే అనుమానం వచ్చింది, నిజం చెప్పొద్దూ. లేనివి వినపడుతున్నాయేమో అని. కళ్ళు లేనివాడికి చెవులు కూడా అబద్ధం చెబితే ఇంకేం మిగులుతుందమ్మా."

ఆమె రిసీవర్ ఇంకో చెవికి మార్చుకుంది.

"మీ ఆఫీసుకి మా అమ్మాయి రాసింది. మీవాళ్ళు జవాబిచ్చారు. అలాంటి బస్సు మా పేజీలో ఏనాడూ లేదని. ఆ కాగితం డాక్టరుకి కూడా చూపించింది. ఇక ఒంటరిగా బయటికి వద్దన్నారు. వర్క్‌షాప్‌కి చెప్పేసింది, ఈ శుక్రవారంతో ఆఖరు. దానికి డ్యూటీ మాని నన్ను తిప్పడం కుదరదు. నేనింక కిటికీ పక్కన కూర్చోవాలన్నమాట, ఏం చూడాలో మరి."

ఆ ఉత్తరం ఎవరు రాశారో ఆయనకి తెలియదు. ఆమెకి తెలుసు. నెల కిందట ఒక మధ్యాహ్నం, బటన్‌కి రెండోసారి రంగు మారుస్తూ మధ్యలో ఆపి, పేజీ వైపు ఒకసారి చూసి, రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టి పంపింది. రాయడానికి నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు.

"నేను చూసి చెబుతానండీ" అని మాత్రం అనగలిగింది. ఆయన ఫోన్ నంబరూ ఇంటి గుర్తులూ కాగితం మీద రాసుకుంది.

ఫోన్ అక్క తిరిగొచ్చి, ఆమె మొహం చూసి, "చేశాడా? చెప్పానుగా, తల తినేస్తాడని" అంది.

"అక్కా, ఆయన చెప్పింది నిజం" అంది పేజీ అమ్మాయి.

ఫోన్ అక్క స్క్రీన్ వైపు వంగి, నీలంలో తేలిన అక్షరాల్ని చదివింది. చదివి, తన కుర్చీలో కూర్చుని, నిట్టూర్చబోయి ఆపుకుంది.

సరిచెయ్యడానికి ఐదు నిమిషాలు పట్టింది. అదే ఆమెని ఎక్కువ కుంగదీసింది. తెల్లరంగు వెయ్యమన్న వాక్యానికి చివర ఇంకో చుక్క పెట్టి, చదివే గొంతు కూడా ఈ వరుసల్ని వదిలెయ్యాలని గుర్తు తగిలించమంది. లైబ్రరీ ఇరవై మూడింటినీ పట్టుకొచ్చి ఇరవై మూడింటికీ తగిలించింది. వరుసలు జరగలేదు, గోడ మీది పట్టికతో తేడా రాలేదు. తర్వాత తన కంప్యూటర్లో చదివే గొంతుని మొదటిసారి పెట్టి, ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని పేజీ అంతా విన్నది. పదమూడు తర్వాత పదిహేను. మూడేళ్ళుగా తను చేసిన పేజీ చెవికి ఎలా ఉంటుందో ఆమెకి ఇన్నాళ్ళూ తెలియదు. బటన్ దగ్గరికి వచ్చినప్పుడు ఆ గొంతు "బటన్" అని ఊరుకుంది. రంగు సంగతి ఎత్తనే లేదు.

మర్నాడు పొద్దున్న పెద్దసారు దగ్గరికి వెళ్ళింది. ఆయన అంతా విని, కళ్ళద్దాలు తీసి, కనుబొమల మధ్య రుద్దుకున్నారు.

"సరిచేశావు కదా?"

"చేశాను సార్."

"మరింకేం. ఎవరికీ చెప్పకు. పనయిపోయింది."

"ఉత్తరం ఉంది కదా సార్. ఏనాడూ లేదని రాశాం. అది తప్పని మళ్ళీ రాయాలి."

"రాసిన ఉత్తరం వెనక్కి తీసుకునే పద్ధతి మనకి లేదమ్మా."

ఆమెకి ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, "అయితే దాన్ని కూడా తెల్లగా చేద్దామా సార్" అంది.

అవతలి బల్ల దగ్గర ఫోన్ అక్క దగ్గింది. పెద్దసారు ఆమె వైపు కొత్త మనిషిని చూసినట్టు చూశారు. కోప్పడతారనుకుంది. ఆయనకి అంత ఓపిక లేకపోయింది. ఇంకో రెండేళ్ళలో రిటైరవుతారు. ఆ రెండేళ్ళూ ఇంకో విచారణ లేకుండా గడవాలన్నది తప్ప ఆయనకి వేరే కోరిక లేదని ఆఫీసులో అందరికీ తెలుసు.

"ఆఫీసు కాగితం మీద కుదరదు" అన్నారు చివరికి. "మామూలు కాగితం మీద, నీ పేరుతో, నీ సంతకంతో నువ్వు రాసుకుంటే నేను చూడలేదు. రేపు ఎవరైనా అడిగితే అది నీ మాట, ఆఫీసు మాట కాదు. దానితో వచ్చేది ఏదైనా నీ నెత్తిమీదే. ఆలోచించుకో."

రెండు రోజులు ఆలోచించింది. ఆలోచించడం అంటే, రాసింది కొట్టేసింది, రాసింది కొట్టేసింది. గురువారం ఒక పూట సెలవు పెట్టి, ఉత్తరం సంచిలో పెట్టుకుని, ల్యాప్‌టాప్ తీసుకుని బయల్దేరింది.

వాళ్ళది మూడో అంతస్తు. లిఫ్టు లేదు. రెండో అంతస్తు మలుపులో ఎవరిదో సైకిలు గోడకి గొలుసుతో కట్టేసి ఉంది, పక్కకి ఒదిగి ఎక్కాలి. ఆమె కళ్ళుండీ మోకాలికి తగిలించుకుంది. తలుపు తీసింది కూతురు. నలభై దాటిన మనిషి, ఆసుపత్రి లాండ్రీలో ఇస్త్రీ పని. ముంజేతుల మీద పాత కాలిన మచ్చలు. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చినట్టుంది, చెప్పులు కూడా విప్పలేదు.

"బస్సుల ఆఫీసు నుంచా?" అంది. "మా నాన్న మళ్ళీ ఫోన్ చేశారా? క్షమించండి. ఇంక చెయ్యకుండా చూసుకుంటాను."

"అందుకు కాదండి" అంది పేజీ అమ్మాయి.

ఒకే గది, దాన్నానుకుని వంటిల్లు. నేల మీద అడ్డంగా ఒక్క వస్తువు లేదు. కుర్చీలు బల్ల కిందికి పూర్తిగా తోసి ఉన్నాయి. కిటికీ దగ్గర బకెట్ నీళ్ళలో పేము బద్దలు నానుతున్నాయి. పక్కనే అడుగు లేని కుర్చీ చట్రం ఒకటి మోకాళ్ళ మధ్య పెట్టుకుని పెద్దాయన కూర్చుని ఉన్నాడు. సగం అల్లిక అయింది. వేళ్ళు ఆపకుండానే తలెత్తాడు.

"వచ్చావా తల్లీ. మెట్ల మీద సైకిలు తగిలిందా?"

"ఎలా తెలిసిందండి?"

"అందరికీ తగులుతుంది, నాకు తప్ప."

కూతురు ఆయన వైపూ ఈమె వైపూ మార్చి మార్చి చూసింది. పేజీ అమ్మాయి ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి తెరిచింది. ఎక్కువ మాట్లాడలేదు. పద్నాలుగో వరుస చూపించింది. ఖాళీ. తర్వాత మౌస్ పట్టుకుని నెమ్మదిగా పక్కకి లాగింది. నీలం పరుచుకుని, అక్షరాలు తేలాయి.

కూతురు చూపుడువేలు స్క్రీన్ మీద పెట్టి ఆ అక్షరాల వెంట నడిపింది. "ఇదేంటి?"

"మూడు నలభై బస్సు. ఏడాదిన్నర కిందట ఆపేశారు. మేము తీసెయ్యలేదు, అక్షరాలకి తెల్లరంగు వేశాం. మనకి కనపడదు. చదివే గొంతుకి రంగు తెలియదు కాబట్టి చదివేసింది. సోమవారం సరిచేశాను. ఇప్పుడు చదవదు."

"నేను ఫోన్లో చూసినప్పుడు కూడా ఇది ఇక్కడే ఉందా?"

"ఉందండి. తెల్లగా."

"మరి ఏనాడూ లేదని ఉత్తరం రాశారే. ఎవరు రాసింది?"

అనుకున్నదే. "నేనేనండి. పేజీ వైపు చూసి రాశాను. వెనక ఏముందో చూడలేదు. అలా తెల్లరంగు వేసిందీ నేనే."

కుర్చీ దగ్గర అల్లిక ఆగింది. పెద్దాయనకి కూడా ఈ సంగతి కొత్తే. వంటింట్లో కుళాయి కారుతున్న చప్పుడు వినపడింది.

"మీకేం, ఒక రంగు" అంది కూతురు, గొంతు పెంచకుండానే. "నేను మా నాన్నని పసిపిల్లాడికి చెప్పినట్టు మందలించాను. ఆయన వినపడిందంటే, మీకలా అనిపించింది నాన్నా అన్నాను. మూడు నెలలు. డాక్టరు దగ్గర కూర్చోబెట్టి ఇవాళ ఏ వారం, ఇది ఏ నెల అని అడిగిస్తే, అన్నీ సరిగ్గా చెప్పారు. అయినా నేను మీ కాగితాన్నే నమ్మాను."

"నన్నడిగితే డాక్టరు కూడా వారం సరిగ్గా చెప్పలేదు" అన్నాడు పెద్దాయన. "నర్సు దిద్దింది."

"నాన్నా, ఊరుకో."

పేజీ అమ్మాయి సంచిలోంచి ఉత్తరం తీసి ఇచ్చింది. కూతురు నిలబడే చదివింది. చదివి తిరిగి బల్ల మీద పెట్టింది. "ఇది ఆ డాక్టరుకేం అర్థమవుతుంది? సాంకేతిక కారణాల వల్ల అని రాశారు. చింతిస్తున్నాము అని రాశారు. ఎవరు చింతిస్తున్నారు?"

"నాకూ చదివి వినిపించండి, నా గురించేగా" అన్నాడు ఆయన.

పేజీ అమ్మాయి చదివింది. పైకి చదువుతుంటే అదెంత తప్పించుకునే కాగితమో ఆమెకే తెలిసింది. రెండు రోజులు కొట్టేసి కొట్టేసి, చివరికి మళ్ళీ ఆఫీసు భాషే మిగిల్చింది.

"బాగా రాశావు గానీ అమ్మా" అన్నాడు ఆయన, "అంతా విన్నా ఆ బస్సు ఉందో లేదో నాకు తెలీలేదు."

కూతురు మొహం ఒక్క క్షణం సడలింది. అల్మారాలోంచి గీతల నోటుపుస్తకం తెచ్చి, మధ్యలోంచి ఒక కాగితం చింపి, పెన్నుతో సహా ముందు పెట్టింది. పేజీ అమ్మాయి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఈసారి కొట్టివేతలు లేవు. పద్నాలుగో వరుసలో మూడు నలభై బస్సు రాసి ఉందని, చూసేవాళ్ళకి కనపడకుండా తెల్లరంగు వేసింది తనేనని, దాన్ని కంప్యూటర్ చదివి వినిపించిందని, లేదని తను రాసిన ఉత్తరం తప్పని రాసింది.

"చివర్న ఇంకొకటి రాయి" అన్నాడు పెద్దాయన. "ఆయన విన్నది నిజం."

రాసింది. సంతకం పెట్టి, కింద తన పేరు పూర్తిగా రాసింది. ఆఫీసులో ఎవరూ పిలవని ఆ పేరు ఆమెకే కొంచెం కొత్తగా కనిపించింది.

కూతురు దాన్ని నాలుగు మడతలు పెట్టి మందుల చీటీలున్న ఫైల్లో పెట్టింది. ఆఫీసు ముద్ర ఉన్న మొదటి ఉత్తరాన్ని బయటికి తియ్యలేదు, రెండూ ఒకే కవర్లో ఉంచింది. తర్వాత బల్ల పట్టుకుని నిలబడి, "అయినా నాకు భయమే" అంది. ఎవరితో అన్నదో తెలియలేదు. "బస్సు సంగతి సరే. మొన్న చలికాలంలో స్టవ్ వెలిగించి మరిచిపోయింది ఎవరు? అది కూడా వీళ్ళ పేజీ పనేనా?"

"అది నేనే. ఒప్పుకుంటా" అన్నాడు ఆయన. "నువ్వు ఈ ఏడు ఇంటి తాళాలు ఎన్నిసార్లు పోగొట్టావు?"

"రెండు."

"నాలుగు. తాళాలు చేసేవాడు నీ గొంతు వినగానే ఎన్నో నంబరు తాళమో చెప్పేస్తున్నాడు. నిన్నెవరికి చూపించాలే? నాకు మతిమరుపు ఉందే అమ్మాయ్, ఈ వయసుకి ఉండాల్సినంత ఉంది. కానీ లేనివి వినపడటం లేదు. ఆ తేడా నువ్వొక్కదానివి నమ్మితే చాలు."

కూతురు చెప్పులు విప్పింది. విప్పి గోడ పక్కన, ఆయన కాలికి తగలని చోట, జతగా పెట్టింది. ఫోన్ తీసి వర్క్‌షాప్ మేస్త్రీకి చేసింది. అవతల వినపడనివాడో ఏమో, రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. "మా నాన్న మానరండి. అవునండి, చెప్పింది నేనే. ఇప్పుడు కాదంటున్నదీ నేనే. ఇవాళ్టికి సెలవనుకోండి. రేపూ వస్తారు, సోమవారమూ వస్తారు. ఇంక ఆలస్యం అవదు, ఆ తప్పు బస్సుది, ఆయనది కాదు." కాసేపు విని, "ఆ కుర్చీ వేరేవాళ్ళకి ఇచ్చేశారా. పోనీండి, ఇంకోటి మొదలుపెడతారు" అని పెట్టేసింది.

"ఏ కుర్చీ? నా రాకింగ్ కుర్చీ ఇచ్చేశారా?" అన్నాడు ఆయన.

"ఇచ్చేశారు."

"వాడికి మూల తిప్పడం రాదు. వదులుగా అల్లుతాడు. సరే, వెళ్ళి విప్పించాలి." ఆయన మొహంలో చాలా రోజుల తర్వాత పని మీది చిరాకు కనపడింది. "మరి ఏ బస్సుకి వెళ్ళాలమ్మా నేను?" అని పేజీ అమ్మాయి వైపు తిరిగాడు.

"మూడు పదికండి. పదమూడో వరుస. అది నిజంగానే ఉంది. నేను నిన్న స్టాపుకి వెళ్ళి చూశాను."

"నేను స్టాపు దాకా వస్తా నాన్నా" అంది కూతురు. "డ్యూటీ నుంచి రాగానే బయల్దేరొచ్చు."

"అక్కర్లేదు."

"మలుపు దాకా."

"మెట్ల దాకా."

"మెట్ల దాకా అయితే నేను ఎందుకు రావడం? కింద గేటు దాకా వస్తా. అంతకన్నా తగ్గను."

ఆయన పేము బద్దని నీళ్ళలోంచి తీసి, వేళ్ళతో తుడుస్తూ ఆలోచించాడు. "సరే, గేటు దాకా."

"కానీ నువ్వు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి చూస్తా."

"చూసుకో" అన్నాడు ఆయన. "నాకేమన్నా కనిపిస్తావా ఏంటి."

కూతురు నవ్వలేదు. వెళ్ళి ఆయన పక్కన నేల మీద కూర్చుని, కాళ్ళు చాపుకుని, తల గోడకి ఆనించి కళ్ళు మూసుకుంది. పేజీ అమ్మాయి ల్యాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకుని, కుర్చీని బల్ల కిందికి పూర్తిగా తోసి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి లాగి మెట్లు దిగింది.